థార్న్‌బీ వారూ, కాండ్రేగుల వారూ

మీ ముత్తాతగారి తండ్రి పేరు మీకు తెలుసా? తెలియకపోతే పోనివ్వండి, కానీ ఆ సంగతి తాయారు ముందు మాత్రం ఒప్పుకోకండి. "అదేటి బాబూ, తాతని కన్నోడి పేరు తెల్దా?" అని మొదలుపెడుతుంది. మీకు కాఫీ పోసి, మీ మేనత్తలెవరు, పినతాతలెవరు, ఎవరిని ఏ ఊరిచ్చారు అని ఒక్కొక్కటే లాగుతుంది. మీరు లేచి చెప్పులు వేసుకునేలోగా మీకే తెలియని ఒక చుట్టాన్ని గోపాలపట్నంలో చూపించి పంపుతుంది. చాలామంది ఆవిడ ఇంటికి కాఫీకి వెళ్ళడానికి భయపడేది అందుకే.

అలాంటి మనిషికి అలాంటి ఉద్యోగమే దొరికింది. మార్కెట్ రోడ్డులో టిఫిన్ హోటలు పైన మొదటి అంతస్తులో కార్తీక్ అనే కుర్రాడు ఒక ఆఫీసు నడుపుతున్నాడు. అమెరికాలో ఉండే వాళ్ళు కొందరు "మా వంశం ఎక్కడ మొదలైందో వెతికి పెట్టండి" అని అడుగుతారు, వీళ్ళు వెతికి పెడతారు. మూడు వందల యాభై ఏళ్ళ కిందట ఇంగ్లండులో ఓడలెక్కి మసాచుసెట్స్ ఒడ్డున దిగిన కుటుంబాలు తాయారు వంతు. పాత చర్చి రిజిస్టర్లు, వీలునామాలు, సమాధిరాళ్ళ ఫొటోలు అన్నీ కంప్యూటర్లో వస్తాయి. కింద నుంచి పెసరట్టు వాసన వస్తూ ఉంటుంది, పైన తాయారు పదిహేడో శతాబ్దంలో తిరుగుతూ ఉంటుంది.

మొదట ఆవిడ టైపు కొట్టడానికే చేరింది. యాభై దాటిన మనిషి, అంతకుముందు వీధి చివర డీటీపీ షాపులో పెళ్ళికార్డులు కొట్టేది. పెళ్ళికార్డులు కొట్టిన చెయ్యి కదా, ఎవరి కొడుకు ఎవరికి అల్లుడో చూడకుండా ఉండలేకపోయింది. ఏడాది తిరక్కుండా ఆ తెల్లదొరలంతా ఆవిడకి పక్కింటివాళ్ళయిపోయారు. "మన ఎబెనేజరు రెండో పెళ్ళాం మంచిది కాదొలే, వీలునామాలో మొదటిదాని పిల్లలకి దుప్పటి కూడా రాయలేదు" అని మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుంటూ చెబుతుంటే కొత్తగా చేరిన పిల్లలు నోళ్ళు తెరిచి వినేవారు.

ఒక్క ఇంగ్లీషు భాష మీద మాత్రం ఆవిడకి మంట. "బాబాయి కొడుకూ కజినే, మేనత్త కూతురూ కజినే! ఒకడు తమ్ముడు, ఒకత్తి మరదలు. రెంటికీ ఒకే మాటేటి, సిగ్గు లేదూ!" అని తిడుతూనే పని చేసేది.

పనికి ఒక నియమం పెట్టుకుంది. ఇంటిపేరు చూసి ఎవరినీ ఎవరికీ అంటగట్టకూడదు. మనిషి నుంచి తల్లికీ తండ్రికీ, వాళ్ళ నుంచి వాళ్ళ కన్నవాళ్ళకీ ఒక్కో మెట్టే ఎక్కాలి. ఒకే సంగతి రెండు వైపుల నుంచీ వినబడితేనే నమ్మాలి. కొత్తవాళ్ళకి ఇది మొదటిరోజే చెప్పి, మర్చిపోతే నెత్తిన మొట్టేది కూడా.

ఆ నియమాన్ని ఆవిడే తప్పింది. ఒకసారి కాదు, ఒకే నెలలో రెండుసార్లు. మొదటిసారి ఆఫీసులో, రెండోసారి పుట్టింట్లో.

ఆఫీసు సంగతి ఇది. ఎడిత్ గారని ఒక పెద్దావిడ ఉంది, ఎనభై దాటింది, అమెరికాలో ఏదో చిన్న ఊరు. థార్న్‌బీ వారి వంశం తనది. సామ్యూల్ థార్న్‌బీ అనే ఆయన నుంచి తన దాకా అందరి పేర్లూ దొరికాయి గాని, ఆ సామ్యూల్ భార్య ఎవరో దొరకలేదు. "మా అందరికీ మొదటి తల్లి ఆవిడ. పేరు తెలియకుండా పోతానేమోనని దిగులుగా ఉంది" అనేది పాపం. తాయారు పట్టుదలగా వెతుకుతోంది. ఆ ఇంట్లో మెర్సీ థార్న్‌బీ అని ఇంకో ఆడమనిషి ఉంది గాని, ఆవిడ సామ్యూల్‌కి చెల్లెలని తాయారు మొదట్లోనే రాసిపెట్టేసింది.

పుట్టింటి సంగతి ఇంకాస్త పెద్దది. తాయారు అన్న వీర్రాజుకి ఒక్కతే కూతురు, యశస్విని. తాయారుకి పిల్లలు లేరు, ఈ మేనకోడల్నే ఎత్తుకుని పెంచింది. యశస్విని గాజువాకలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. స్టీల్‌ప్లాంటులో పని చేసే చందు అక్కడికి వార్షిక పరీక్షకి వచ్చాడు. సూది చూసి కళ్ళు తిరిగి పడిపోయాడు. ఇనుము మరిగే చోట పని చేసేవాడు ఇంత సూదికి పడిపోయాడని ఈ పిల్లకి నవ్వాగలేదు. ఆ నవ్వు చూడడానికి వాడు ఏ రోగమూ లేకుండా మళ్ళీ మళ్ళీ పరీక్షలకి వచ్చాడు. అలా కుదిరింది.

ఈ పిల్ల మెడలో కార్డు మీద కె. యశస్విని అని ఉంటుంది. వాడి రిపోర్టు మీద కె. చందు అని ఉంటుంది. కె అంటే కర్రి కావచ్చు, కోన కావచ్చు. ప్రేమలో పడ్డవాళ్ళు పొడి అక్షరాలు విప్పి చూసుకుంటారా? పెద్దవాళ్ళు ఫోన్లలో ఉద్యోగం, జీతం, సొంతిల్లు అన్నీ అడిగారు గాని, ఇంటిపేరు రెండోవాళ్ళు అడిగే ఉంటారని తాయారుతో సహా ఎవరికి వాళ్ళు అనుకున్నారు.

చందు తండ్రి సన్యాసిరాజు, పోర్టులో చేసి రిటైరైన మనిషి. భార్యనీ కొడుకునీ వెంటబెట్టుకుని, మాడుగుల హల్వా పట్టుకుని వన్ టౌన్ నుంచి వీర్రాజు ఇంటికి వచ్చాడు. అందరూ కూర్చున్నారు, కబుర్లు బాగా సాగాయి, అమ్మాయి కాఫీ తెచ్చింది. అప్పుడు వీర్రాజు మాటవరసకి అడిగాడు.

"ఇంతకీ తమరి ఇంటిపేరు సెప్పనేదు."

"కాండ్రేగులోళ్ళమండీ."

వీర్రాజు చేతిలో హల్వా అలాగే ఉండిపోయింది. "మేవూ కాండ్రేగులోళ్ళమే" అన్నాడు.

గదిలో ఉన్నవాళ్ళంతా తాయారు వైపు తిరిగారు. వరసల విషయంలో ఆ ఇంట్లో ఆవిడ మాటే మాట. తాయారు ఒకే ఒక్క ప్రశ్న వేసింది. "మీ పెద్దలది ఏ ఊరండీ?"

"ఎలమంచిలి అవతలని సెప్పేవోరండి. నాకంతకన్నా తెల్దు."

వీళ్ళదీ ఎలమంచిలి అవతలే. తాయారు కాఫీ గ్లాసు కింద పెట్టింది. "అయితే మరి కుదరదండి. ఒకే ఇంటిపేరు, ఒకే పక్క. మీరూ మా అన్నయ్యా అన్నదమ్ములవుతారు. పిల్లలు అన్నాసెల్లెళ్ళు" అని తేల్చేసింది.

సన్యాసిరాజు లేచి దణ్ణం పెట్టాడు. "అలాగే అన్నయ్యగారూ, ఎల్లి రండి" అన్నాడు వీర్రాజు. ఆ అన్నయ్యగారూ అన్న పిలుపుతో సంబంధం ముగిసిపోయింది. చందు తల ఎత్తకుండా చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

యశస్విని ఏడవలేదు, అరవలేదు. ఖాళీ గ్లాసులు తీసుకెళుతూ మేనత్త దగ్గర ఆగింది. "కాసేపైనా ఆలోచించలేదత్తా నువ్వు" అంది. ఆ రోజు నుంచి మాటలు మానేసింది. తాయారు ఫోను చేస్తే వదిన ఎత్తేది. ఆదివారం చేపల పులుసు పట్టుకెళితే గిన్నె ఖాళీ చేసి ఇచ్చేది వదినే. ఎత్తుకుని పెంచిన పిల్ల ముఖం చాటేస్తే ఎంత బాధగా ఉంటుందో తాయారుకి మొదటిసారి తెలిసింది. అయినా తను చేసింది సరైన పనేనని తనకి తానే చెప్పుకుంటూ తిరిగింది.

ఇలా ఉండగా ఒక సాయంత్రం ఎడిత్ గారు వీడియో కాల్ చేసింది. ఆవిడకి అప్పుడు పొద్దున, ఎదురుగా టీ కప్పు. సామ్యూల్ భార్య ఇంకా దొరకలేదని తాయారు చెప్పింది.

"పోనీ ఆ మెర్సీ ఎవరిని చేసుకుంది?" అని అడిగింది ఎడిత్ గారు.

"ఆవిడకి పెళ్ళి కాలేదండీ. థార్న్‌బీగానే పోయింది. సామ్యూల్ పక్కనే సమాధి..." అంటూ తాయారు ఆగిపోయింది.

ఎందుకంటే ఆ సమాధి ఫొటో కళ్ళముందే ఉంది. జంట రాయి. ఏ దేశంలోనైనా అన్నకీ చెల్లికీ జంట రాయి వేస్తారా? గబగబా చర్చి రిజిస్టరు తెరిచింది. సామ్యూల్ థార్న్‌బీకీ మెర్సీ థార్న్‌బీకీ పెళ్ళి అని స్పష్టంగా ఉంది. అది తాయారు ఇంతకుముందు చూడకపోలేదు! చూసి, ఒకే ఇంటిపేరు వాళ్ళకి పెళ్ళేమిటి, ఆ గుమాస్తా తాగి రాసి ఉంటాడు అని పక్కన పడేసింది. ఇప్పుడు మెట్టు మీద మెట్టు ఎక్కి చూస్తే సామ్యూల్ తండ్రి జాన్, మెర్సీ తండ్రి విలియం, వాళ్ళిద్దరూ సొంత అన్నదమ్ములు.

"ఓలమ్మో ఓలమ్మో! బాబాయి కూతుర్ని కట్టేసుకున్నాడు!" అని తాయారు పెట్టిన కేకకి కార్తీక్ పరిగెత్తుకొచ్చాడు. కింద హోటల్లో అట్లు వేసేవాడు కూడా తల పైకెత్తి చూశాడట.

ఎడిత్ గారికి సంగతి విడమర్చి చెప్పేసరికి ఆవిడ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. "తొమ్మిదిమంది పిల్లల్ని కన్న జంటని పట్టుకుని అన్నాచెల్లెళ్ళని చేసేశావా తల్లీ! మెర్సీ... మెర్సీ అన్నమాట మా మొదటి తల్లి పేరు" అని ఆ పేరు పదిసార్లు అనుకుంది. ఆవిడ ఆనందం చూసి తాయారుకీ నవ్వొచ్చింది. ఫోను పెట్టేశాక మాత్రం నవ్వు ఆగిపోయింది.

ఆ పెళ్ళి తనకి నచ్చకపోవచ్చు. అది వేరే సంగతి. కానీ కళ్ళముందు రాసి ఉన్నదాన్ని కూడా నమ్మలేదు, మెట్టెక్కి చూడలేదు, రెండు పేర్లూ ఒకటేనని తీర్పు చెప్పేసింది. ఇదే తీర్పు ఇంకెక్కడ చెప్పింది తను? సన్యాసిరాజుని తాత పేరు అడిగిందా? ముత్తాత పేరు అడిగిందా? దారిన పోయే వాళ్ళందరినీ పట్టుకుని అడిగే మనిషి, సొంత మేనకోడలి దగ్గరకి వచ్చేసరికి కాఫీ గ్లాసు కింద పెట్టినంత సేపట్లో తేల్చేసింది. తాయారు తన నెత్తిన తనే గట్టిగా మొట్టుకుంది.

మర్నాడు తెల్లారగానే అన్న ఇంటికి వెళ్ళి యశస్విని ముందు నిలబడింది. "ఒలే, సెలవు పెట్టు. వన్ టౌన్ ఎల్దాం. నాను ఒక్క మెట్టూ ఎక్కకుండా కుదరదని సెప్పీసినాను. తప్పు నాది. ఇప్పుడెక్కి సూత్తాను. అన్నాసెల్లెళ్ళే అని తేలితే మాత్రం నన్ననకు" అంది. యశస్విని చున్నీ తీసుకుని బయల్దేరింది.

సన్యాసిరాజు ఇల్లు హోల్‌సేలు కొట్ల వెనక సందులో ఉంది. ఆటో వెళ్ళలేక దిగి నడిచారు. ఇంట్లో ఆ వేళ సన్యాసిరాజు మేనత్త నూకాలు ఒక్కతే ఉంది. భర్త పోయాక పుట్టింటికి వచ్చేసిన మనిషి, ఎనభై దాటినా నోరు గట్టిది, మోకాళ్ళే మొరాయిస్తున్నాయి. పెళ్ళిచూపులకి రాలేకపోయింది. ముసలిది బాధపడుతుందని ఇంట్లో వాళ్ళు జాతకాలు కలవలేదని చెప్పారట.

వచ్చిన పిల్ల ఎవరో తెలుసుకుని, యశస్వినిని దగ్గర కూర్చోబెట్టుకుని గెడ్డం పట్టుకుంది నూకాలు. "ఇంత సక్కటి గుంటకి జాతకం కలవకపోడమేటి! ఆ జాతకం సెప్పినోడి కళ్ళు కాకులు పొడవా!"

చెప్పినవాడు ఎవరో తెలిసిన తాయారు దగ్గి ఊరుకుంది.

ఆ రోజు మంగళవారం. నూకాలు గోడ పట్టుకుని మెల్లగా లేచి, దీపం పెడతానని వంటింటి గోడ దగ్గరకి వెళ్ళింది. కాండ్రేగుల వారి ఇలవేల్పు నూకాలమ్మ. తాయారు పుట్టింట్లోనూ అంతే, గోడ మీద పసుపు రాసి, దాని మీద అమ్మవారి పేర కుంకుమ బొట్లు పెడతారు. ఇక్కడా అలాగే ఉంది. కానీ ఆ పసుపు పక్కనే, జానెడు ఎడంగా, ఇంకో పసుపు. దానికీ బొట్లు, దానికీ వేరే దీపం, వేరే బెల్లం ముక్క.

తాయారు గబుక్కున లేచింది. "ఆ రెండోది ఎవరు అమ్మా?"

"పైడితల్లి."

"పైడితల్లి ఇజీనారం వాళ్ళ దేవత కదా. కాండ్రేగులోళ్ళింట్లో ఎందుకుంది?"

"మా తాత తెచ్చుకున్నాడు. ఇల్లరికం వచ్చినాడు కదేటి. ఇంటిపేరు వొదిలేసినాడు గాని దేవతని వొదల్నేదు."

తాయారు దగ్గరకి జరిగింది. "మీ తాతది ఏ ఇంటిపేరు?"

"గేదెలోళ్ళ మనిషి. ఆ మాట బయట అనొద్దనేవోడు మా నాన్న. ఇల్లరికపోడి కొడుకని ఊరంతా ఎకసెక్కాలాడేవోరంట. కాండ్రేగుల ఆడపిల్ల మా నాయనమ్మ, సిమ్మాద్రమ్మ. దానికో అన్న ఉండీవోడు, రంగం ఎల్లిపోనాడు. ఇంక రాడనుకుని ఆళ్ళ నాన్న మా తాతని ఇల్లరికం తెచ్చి, పుట్టిన పిల్లలకి తన ఇంటిపేరే పెట్టుకున్నాడు."

రంగం అంటే రంగూను. ఆ రోజుల్లో ఈ ప్రాంతం నుంచి కూలికి ఓడెక్కని ఇల్లు లేదు. తాయారు ముత్తాత కూడా రంగం వెళ్ళి వచ్చినవాడే. కానీ ఆవిడ ఈసారి తొందరపడలేదు. ఆయన పేరు నాలుక చివరే ఆపుకుని అడిగింది.

"ఆ అన్న తిరిగి రాలేదా మరి?"

"ఎందుకు రానేదు, వచ్చినాడు! వచ్చి, ఇంటి ముందరి తాటిచెట్టు నాదంటే నాదని సెల్లెలితో తగువు పడ్డాడు. ఒక్క తాటిచెట్టొలే! దాని కోసం మా నాయనమ్మ మొగుడినీ పిల్లల్నీ లాక్కుని ఊరొదిలి వచ్చీసింది. హార్బరు తవ్వుతన్నారు అప్పుడు, మట్టి మోసుకు బతికినారు. ఆ అన్న పేరు..."

"అప్పలసూరి" అంది తాయారు.

ముసలిది వెనక్కి తిరిగింది. "నీకెలగ తెలుసు?"

"మా ముత్తాత. ఆ పేరే మా నాన్నకి పెట్టారు. మా నాన్న ఎప్పుడూ చెప్పేవాడు, తన తాతతో చెల్లెలు ఒక్క తాటిచెట్టు కోసం తగువు పెట్టుకుని మొహం చూడకుండా వెళ్ళిపోయిందని. ఆయన ముంజలు ముట్టేవాడు కాదట, చెల్లి గుర్తొస్తుందని."

వందేళ్ళ నాటి తగువు. నూకాలు ఇంట్లో తప్పు అన్నది, తాయారు ఇంట్లో తప్పు చెల్లెలిది. తాటిచెట్టు మాత్రం ఒకటే. నూకాలు వేళ్ళ మీద లెక్క వేసుకుని పకపకా నవ్వింది.

"అయితే మీ నాన్న నాకు బావేటే! బేగి సెప్పొద్దూ? ముందే తెలిసుంటే నిన్ను కన్నది నానే అయ్యుందును!"

తాయారుకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అన్న పిల్లలూ చెల్లెలి పిల్లలూ. అన్నదమ్ముల వరస కాదు, నిక్షేపంలాంటి బావామరదళ్ళ వరస, తరం తర్వాత తరం చెక్కు చెదరకుండా వచ్చింది. "చందు నీకు బావ అవుతాడే" అని చెబుతుంటే యశస్విని మేనత్త మెడ చుట్టూ చేతులు వేసి గట్టిగా పట్టుకుంది. ఇన్నాళ్ళుగా బిగబట్టుకున్న ఏడుపంతా అప్పుడు ఏడ్చింది. "అత్తా, అత్తా" అంటూనే ఉంది ఆ పిల్ల. "ఇంకెందుకు ఏడుత్తన్నావొలే" అంటూ ముసలిదీ ఏడ్చింది.

ఇక మిగిలింది వీర్రాజు. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి చొక్కా విప్పుతున్నవాడి ముందు తాయారు కథంతా చెప్పుకొచ్చింది. ఇల్లరికం విన్నాడు, పైడితల్లిని విన్నాడు. తల అడ్డంగా తిప్పాడు. "ఏటో సెల్లీ, నీ పిల్ల మీద పేమతో కథలు కట్టేత్తన్నావేమో. రేపు లోకం ఒకే ఇంటిపేరని నవ్వితే?"

"కథ నాను కట్టనేదు. ఆ ముసలావిడ ఏం చెప్పిందో తెలుసా? మన ముత్తాతా, వాళ్ళ నాయనమ్మా ఒక చెట్టు కోసం..."

"తాటిచెట్టు!" అన్నాడు వీర్రాజు.

చొక్కా సగం విప్పి అలాగే నిలబడిపోయాడు. చిన్నప్పుడు తండ్రి భుజం మీద కూర్చుని విన్న కథ అది. ఊళ్ళో తనకీ చెల్లెలికీ తప్ప ఇంకెవరికీ తెలియదనుకున్న కథ. "ముంజలు తినేవోడు కాదు" అన్నాడు మెల్లగా. మంచం మీద కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చున్నాడు. గుమ్మం పక్కన యశస్విని నిలబడి ఉంది. వీర్రాజు కూతురి ముఖం చూశాడు, చెల్లెలి ముఖం చూశాడు, ఫోను తీశాడు.

అవతల సన్యాసిరాజు ఎత్తాడు. పాపం ఆయనకి ఇంకా ఏమీ తెలియదు, మేనత్త మధ్యాహ్నం నుంచి నిద్రపోతోందట. "సెప్పండి తమ్ముడుగారూ" అన్నాడు నీరసంగా.

వీర్రాజు గొంతు సవరించుకున్నాడు.

"తమ్ముడేటి, తమ్ముడు! బావా... ఒరే బావా! ఆ తాటిచెట్టు మీదే, మా ముత్తాత తరపున నాను రాసిచ్చేత్తన్నాను. నా పిల్లని బేగి మీ ఇంటికి తీసుకెల్లిపోండి!"